కిటికీ మూసే ఉంది

ట్రియెస్తెలో బోరా గాలి వీచే రోజు
వీధుల్లో మనుషులందరిదీ ఒకటే నడక:
భుజాలు చెవులదాకా, గడ్డం కాలరులోకి.
గాలి ఆగాక అందరూ విప్పుకుంటారు.
లివియో విప్పుకోడు.

ఓడల బీమా ఆఫీసులో ఇరవైరెండేళ్లుగా
మునిగిన సరుకుల లెక్కలు రాస్తున్నాడు,
ముక్కుకీ కాగితానికీ జానెడు దూరంలో.
నా బల్ల మీద కూర్చోగానే
మెడ పక్కన రెండు వేళ్లు ఆనించుకున్నాడు,
ఇంకా కొట్టుకుంటోందో లేదోనని.

ఎడమ చెయ్యి తిమ్మిరి. ఛాతీలో మేకు.
రాత్రుళ్లు దిండులోంచి గుండె చప్పుడు,
ఒక దెబ్బ తప్పిందేమోనని లేచి కూర్చుంటాడట.
పర్సులో మూడు ఈసీజీలు,
మడతపెట్టి, కూతురి ఫోటో వెనకాల.
"ఏమీ లేదన్నారు" అన్నాడు.
ఆ ఏమీ లేకపోవడం మీదే
అతని అనుమానం.

నేను అబద్ధమనలేదు. నొప్పి నిజమే.
భయపడ్డప్పుడల్లా కండ బిగిసింది,
బిగిసిన కండ సలిపింది,
సలుపు చూసి మళ్ళీ భయం.
తన తోక తానే కరుచుకుని
ఎవరు కరిచారని మొరిగే కుక్క.

మెడ కింద బొటనవేలు పెట్టి చూశాను.
లంగరు తాడు ముడి.
నొక్కితే వేళ్లదాకా పాకింది తిమ్మిరి.
"అదే! అదే!" అని కేకేశాడు,
దొంగను పట్టించినవాడిలా.

"సిన్యోర్ లివియో, కిటికీ మూసే ఉంది.
ఇక్కడ బోరా వీచడం లేదు."

చాలాసేపు మాట్లాడలేదు.
తరవాత ఎడమ భుజం ఒక అంగుళం దిగింది.
కుడిది ఇంకా నమ్మలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర
రెండు వేళ్లు మెడ మీదికి లేచాయి,
మధ్యలో దారి మార్చుకుని
కోటు గుండీ పెట్టాయి.

బయట నిజంగానే గాలి లేచింది.
అందరితో పాటే ముడుచుకున్నాడు.
ఈసారి కారణం ఉంది.