ఏడో పోటు

హార్షమ్ ఊరి చివర, సైలోల నీడన,
లారీ మీదికి యంత్రపు చెయ్యి చాపి
గోధుమల్లోకి గొట్టం దించడం నా పని.
లారీకి ఆరు పోట్లు.
ముందు రెండు, మధ్య రెండు, వెనక రెండు.
పీల్చుకొచ్చిన దోసెడు గింజల మీద
ముప్పై టన్నుల జాతకం రాస్తాను.

లైల్ మెక్‌ఫీతో ఏటా గొడవే.
"తడి ఉన్నచోటే వెతికి పొడుస్తావు నువ్వు!"
తల కూడా ఎత్తను.
అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి
ఒక్క మెతుకు చాలని వింటూ పెరిగినదాన్ని,
ఆరు పోట్లంటే నా లెక్కలో ధారాళం.

మార్చిలో నడుము నొప్పికని తీసిన స్కాన్‌లో
నొప్పితో సంబంధమే లేనిదొకటి కనబడింది.
ఎడమ మూత్రపిండం మీద, రెండున్నర సెంటీమీటర్లు.
ఉసిరికాయంత, అన్నాను.
బల్లారట్ డాక్టరు పెట్రాకి ఉసిరికాయ తెలీదు.
"సూదితో ముక్క తీసి చూద్దాం" అంది.

"ఎన్ని పోట్లు?"
నవ్వింది. అలా ఎవరూ అడగరట.
"రెండు. కుదిరితే మూడు."
"ఎక్కడ?"
"అంచున. నడిమధ్యన చచ్చిన కణాలుంటే అవేం మాట్లాడవు."
ఆ మాటతో ఆమె మీద గురి కుదిరింది.

నెత్తురు కారచ్చు, చాలావరకు దానంతటదే ఆగుతుంది,
ఆగనివాళ్లు ఏ వందలోనో ఒకరు.
అక్క ఫోన్లో ఏడ్చింది, "గుచ్చితే పాకుతుందటే!"
అదీ అడిగాను.
సూదిని ఒక తొడుగులోంచి పంపుతారట.
పాకిన సంగతులు పుస్తకాల్లో ఉన్నాయి గానీ
ఇరవయ్యేళ్లలో తన చేతి కింద ఒక్కటీ లేదంది.
అక్కకి రెండో సగమే చెప్పాను.

నేను లేవబోతుంటే పెట్రా అంది:
"పదిమందిలో ఒకరిద్దరికి సూది ఏమీ చెప్పదు.
చెప్పలేదంటే లేదని కాదు."

బోర్లా పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు.
టప్. స్టాప్లర్ చప్పుడు.
ఇంతేనా? టప్.
తర్వాత నాలుగు గంటలు వెల్లకిలా.
సీసాలో రంగు చూసిన నర్సు "టీ తాగుతావా?" అంది,
దానికంటే మంచి కబురు ఆ వార్డులో ఉండదు.

పన్నెండో రోజు రిపోర్టు:
మామూలు కణజాలం, కాస్త కొవ్వు, నెత్తురు గడ్డ.
నిర్ధారణకు చాలదు.
ఉసిరికాయను ఒరుసుకుంటూ పోయింది సూది.

ఆ రాత్రి గిన్నె మూత తీసి, మెతుకు నలుపుతూ
అలాగే నిలబడిపోయాను.
ఆ సామెత కట్టినవాళ్లు
అన్నం కలిపాక చెప్పారా, కలపకముందా?
నన్నెవరు కలుపుతారు గరిటెతో?

జూన్‌లో మళ్లీ. టప్, టప్, టప్.
ఈసారి దొరికింది. దాని పేరు నాకు నోరు తిరగలేదు.
"మంచిదిలాగే ఉంది" అంది పెట్రా.
"లాగే?"
"దీనికో చెడ్డ దాయాది ఉంది.
ఇంత సన్నని ముక్కలో ఇద్దరి ముఖాలూ ఒకటే."
కొయ్యొద్దు, ఆర్నెల్లకోసారి చూద్దాం అంది.
సరే అన్నాను.
ఇంటికి వచ్చే రెండు గంటల దారిలో
ఆ "లాగే" పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

డిసెంబరు. తేమ మీటరు పక్కన
స్కాన్ తేదీ కాగితం అంటించి ఉంది.
లైల్ లారీ వచ్చింది. ఆరు పోట్లు.
గీతకి అవతల, వెంట్రుకవాసి తేడా.
ఈసారి అరవలేదు. కోతల ముందు వానకి
సగం పొలం పోయిందట.
టోపీ తీసి అడిగాడు, "ఖాయమేనా?"

పన్నెండేళ్లుగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు.

రూల్లో ఆరే.
గొట్టం మళ్లీ పైకెత్తాను.
వెనక, ఎడమ పక్కన,
ఎన్నడూ దించని చోట.