ఇచ్చాపురానికి రెండు టికెట్లు

పర్లాకిమిడి బస్సు మమ్మల్ని దింపేసరికి
బరంపురంలో దీపాలు వెలిగిపోయాయి.
పిన్ని సంచిలో ఉడకబెట్టిన గుడ్లు ఆరు, అటుకులు,
నా బూట్లు. నావి కావు, చిన్నాన్న కొడుకువి,
ముందువైపు దూది కుక్కినవి.
తెల్లారి ఐదున్నరకి పోలీసు గ్రౌండులో పరుగు.
అంతవరకూ పడుకోవాలి.
మాకు కావలసింది ఒక రాత్రి,
దానికి ఒక తలుపు.

పాత బస్టాండు బోర్డుల కేసి తలెత్తి పిన్ని అంది:
"మన అచ్చరాల్లాగే ఉన్నాయి గానీ
వొకోదానికీ గొడుగేసీసినారేటే?"

మొదటి లాడ్జిలో తొమ్మిది వందలు.
ఏసీ వద్దు బాబూ, ఫ్యాను చాలు అన్నాం.
ఫ్యానుకే, అన్నాడు.
పిన్ని ఆ ఫ్యాను వైపు చాలాసేపు చూసింది.
జీడిపిక్కలు ఒలిచే చేతులకి
అది మూడు రోజులు,
నాలుగో రోజు మధ్యాహ్నం దాకా.

రెండో చోట నాలుగు వందలే. గదీ ఉంది.
తాళంచెవి బల్ల మీదికి వచ్చింది కూడా.
"కూడా మగవాళ్ళెవరు?"
"మగోళ్ళెందుకు, రేపు పరిగెట్టేది ఇదే గదా!"
తాళంచెవి మళ్ళీ సొరుగులోకి పోయింది.

సత్రం ముసలాయన మంచివాడు.
కూర్చోమన్నాడు, చల్లటి నీళ్ళిచ్చాడు.
నేను సగం తాగుతుండగా అడిగాడు:
"మీ ఊళ్ళో మీది ఏ వీధమ్మా?"
పిన్ని నా చేతిలో గ్లాసు తీసుకుంది,
కడిగింది, బోర్లించింది,
బయటికి నడిచింది.
నాకింకా దాహంగానే ఉంది.

పట్టుచీరల కొట్లు షట్టర్లు దించుతున్నాయి.
గాజు వెనక బొమ్మలు
ఒంటినిండా జరీతో, అద్దె లేకుండా
రాత్రంతా నిలబడడానికి సిద్ధమవుతున్నాయి.
నా కాళ్ళు అప్పటికే
రేపటి పరుగులో సగం వాడేశాయి.

స్టేషన్లో టికెట్టు లేనిదే లోపలికి వద్దన్నారు.
పిన్ని కిటికీ దగ్గరికి వెళ్ళింది.
"అన్నిటికన్నా తక్కువ టికెట్టు ఏటి బాబూ?"
"ఎక్కడికి వెళ్ళాలి?"
"ఎక్కడికీ ఎల్లం. తక్కువెంత?"
వెనక లైను నవ్వింది.
లోపలాయన నవ్వలేదు.
ఇచ్చాపురానికి రెండు కొట్టి ఇచ్చాడు.
ఇరవై రూపాయలు.

ఆడవాళ్ళ వెయిటింగు రూము.
ఫ్యాన్లు నాలుగు, తిరిగేవి మూడు.
తలుపూ ఉంది, లోపలి గడియ కూడా,
కాకపోతే వేయకూడదు.
బూట్లు తలకింద పెట్టుకున్నాను.
ఇచ్చాపురం మీదుగా పోయే బండి వచ్చినప్పుడల్లా
పిన్ని నా చెవుల మీద అరచేతులు పెట్టింది.
ఆ చేతులకి జీడి మరకలు.
సబ్బుకి పోవు, ఏ ఊరు తీసుకొచ్చినా పోవు.

రెండింటికి టీసీ వచ్చింది, ఆవిడ కూడా ఆడమనిషే.
ఈ టికెట్టు ఒంటిగంటకే చచ్చిపోయింది,
మీ బండ్లు మూడు వెళ్ళిపోయాయి అంది ఒరియాలో.
నిద్రకళ్ళతో నేను తెలుగు చేసి చెప్పాను.
"ఇచ్చాపురం ఎక్కడికి పోద్దే,
రేపూ అక్కడే ఉంటాది అని సెప్పు ఆవిడికి."
చెప్పాను.
ఆవిడ నా తలకింది బూట్ల కేసి చూసి
తిరగని ఫ్యాను స్విచ్చి ఒకసారి నొక్కి చూసి
వెళ్ళిపోయింది.

పరుగు సంగతి అడగకండి.
ఆ ఏడు రాలేదు.
దూది జారింది, మలుపు దగ్గర.
అయినా ఆగలేదు. గీత అవతల
సంచి ఊపుతూ పిన్ని,
సంచిలో మిగిలిన రెండు గుడ్లు పగిలేలాగ.

ఇప్పుడు ఈ ఊళ్ళో నాకొక గది ఉంది, కిటికీ ఉన్నది.
మావైపు నుంచి మొదటిసారి వచ్చేవాళ్ళు
చవగ్గా ఎక్కడుండాలి అని ఫోన్ చేస్తారు.
ఏ లాడ్జిలో నల్లులో, ఎక్కడ ఆధార్ అడుగుతారో,
ఏ మెట్లమీద రాత్రి దీపం ఉండదో చెబుతాను.
ఆడపిల్లయితే, ముందు నీళ్ళు తాగావా అంటాను,
తర్వాత దారి చెబుతాను, మా ఇంటికి.

పిన్ని పోపులపెట్టెలో, మెంతుల గిన్నె కింద
ఆ రెండు టికెట్లు. అచ్చు పోయి తెల్లబడ్డాయి.
రైల్వేవాళ్ళు మనకి బాకీ అంటుంది.
ఇచ్చాపురం మేమింకా చూళ్ళేదు.