అక్షరానికి మూడు రూపాయలు

గుత్తిలో, రైలు గేటు అవతల,
మూతబడిన శెనక్కాయల మిల్లులో
సుబేదారు ఓబుళపతి మ్యూజియం పెట్టినాడు.
సున్నం కొట్టినా గోడలకు ఇంకా నూనె వాసనే.
చీటీలు రాయమని నన్ను పిలిపించినాడు.
అంగళ్ల బోర్డులు, ఎలక్షన్ గోడలు,
లారీల వెనక బిడ్డల పేర్లు రాసిన చెయ్యి నాది.
"అక్షరానికి మూడు రూపాయలు. పొట్టిగా రాయి" అన్నాడు.
ఎడమ చెవి ఫిరంగికి ఇచ్చి వచ్చిన మనిషి,
కుడిపక్కకు జరిగి "సరే" అన్నాను.

మొదట వచ్చింది ఒక రేషన్ డబ్బా.
పెద్దవడుగూరు నుంచి తెచ్చినామె చెప్పింది:
మామ యుద్ధం నుంచి తెచ్చినాడు,
అత్త నలభై ఏండ్లు ఆవాలు పోసుకునింది,
నేనొక ఇరవై ఏండ్లు.
నిన్న సీకాయేసి కడిగినా వాసన పోలేదు.
సుబేదారు చెప్పినట్టే రాసినాను:
"రేషన్ డబ్బా. రెండో ప్రపంచ యుద్ధం."
మూత సందులో ఒక ఆవగింజ ఇరుక్కొని ఉండాది.
దాన్ని నేను తియ్యలేదు.

పామిడి నుంచి ఒంటి బూటు.
రెండోది యాడ అని అడగబోయి
తెచ్చినాయన నడక చూసి ఊరకున్నాను.

ఒక సర్వీసు పుస్తకం, చెదలు తినంగా మిగిలింది.
కరువు ఏడు చేరినాడంట.
నానిన ఉలవలు మింగి, కడివెడు నీళ్లు తాగి
తూకానికి నిలబడినాడంట.
దేశం కోసమా తాతా అని మనవడు అడిగితే
"ముద్ద కోసం రా" అన్నాడంట.
"ముద్ద అని రాయొద్దు" అన్నాడు సుబేదారు.
కొంచేపాగి, బీరువా తుడుస్తా,
"నేనూ అంతే" అన్నాడు.

బడిపిల్లలు వచ్చినారొక దినం.
"సార్, నువ్వు ఎంతమందిని చంపినావు?"
అడిగినోడు ఎడమ చెవి పక్క నిలబడినాడు.
సుబేదారుకు వినపడలేదు.
వినపడలేదనే అనుకుంటాన్నాను.

మౌలాబీ వచ్చింది వజ్రకరూరు బస్సుకు.
ఎనభై రెండేండ్ల దూదేకుల ముసలమ్మ,
దూదిలో చుట్టిన జాబు ఒకటి.
నాయన దస్తగిరి ఎవరి చేతనో రాయించింది,
ఈమె తల్లి కడుపులో ఉండంగా వచ్చింది.
తర్వాత జాబు లేదు, మనిషీ లేడు.
కాయితం నడుమ కిటికీ అంత బొక్క.
ఊరి పేరు ఉన్నచోట
మిలిటరీ వాళ్లు కత్తెరేసినారు.

"నేను … లో క్షేమం.
ఎర్రెద్దు కుంటు తగ్గిందా.
వడ్డీ కట్టొద్దు, నేనొచ్చి మాట్లాడతా.
ఈడ వాన ఆగదు."

ఊరిని కత్తిరించినోడు వానను మర్చిపోయినాడు.
ఆ ఇంటికి అదొక్కటే అడ్రసు.
తూర్పున మబ్బు లేచినప్పుడల్లా
వాళ్లమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చేదంట.
తొలకరి పడితే వజ్రకరూరంతా
నడుములు వంచి చేలల్లో వజ్రాలు దేవులాడతాది.
ఆమె ఒక్కతే మీదికి చూసేదంట.

మౌలాబీ ఆ బొక్కలో చూపుడువేలు పెట్టి చెప్పింది:
"ఇదే ఆ ఊరు. చిన్నప్పుడు
దినామూ పొయ్యొస్తాంటి."
మళ్లా మెల్లగా అడిగింది,
"అద్దం కింద పెడితే వేలు పట్టదేమో కదప్పా?"

సుబేదారు అద్దం పక్కన ఆనించినాడు.
"జాబు" అని రాసినాను. రెండక్షరాలు, ఆరు రూపాయలు.
"ఇంకా రాయి" అన్నాడు, మొదటిసారి.
ఏం రాయల్ల?
కుంచె మొన ఎండిపోయింది, తడిపినాను,
మళ్లా ఎండిపోయింది.
పొద్దు వాలినాక దస్తగిరి మాటే ఎత్తి రాసినాను:
ఈడ వాన ఆగదు.
దాని లెక్క నేను రాసుకోలేదు, ఆయనా అడగలేదు.

మర్నాడు, నడిఎండలో,
అమ్మ కొంగు పట్టుకొని వచ్చిన పిల్లోడొకడు
కూడబలుక్కొని చదివినాడు ఆ చీటీని.
చదివి,
మిల్లు రేకుల కప్పు దిక్కు చూసినాడు.