తిరిగొచ్చిన మాట

ఈ ఊళ్ళో డ్రైవర్లు దాన్ని బూటు అంటారు.
మాటని ఒక్క తన్ను తన్ని
కొండ అవతల పడేస్తుంది కదా, అందుకని.
రూలు పుస్తకంలో దానికి చోటు లేదు,
నా షాపులో ఉంది.

జెనివాల్డో తన బూటుని మూడోసారి
నా బల్ల మీద పెట్టాడు,
పొయ్యి మీంచి దింపిన గిన్నెలా
తువ్వాల్లో చుట్టుకొచ్చి.
పికోస్‌లో మధ్యాహ్నం మూడు.
బంకు రేకుల కింద కుక్క
నీడతో పాటే జరుగుతోంది.

మొదటిసారి తిట్టాను.
సీటు కింద పెట్టాడు, తివాచీ మీద.
పైన దుప్పటి, దుప్పటి మీద చెప్పులు,
సగం తిన్న రొట్టె.
"జ్వరమొచ్చిన వాడికి కంబళి కప్పి
ఒళ్ళెందుకు కాలుతోందని అడుగుతావా?"
బయటికి లాగి క్యాబిన్ వెనక గోడకి బిగించాను,
అల్యూమినియం రెక్కలు నిలువుగా,
గోడకీ దానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు.
వేడికి పైకెళ్ళడమొకటే తెలుసు.
దారి ఇస్తే చాలు, పోతుంది.

రెండోసారి,
చచ్చిన కంప్యూటర్లోంచి ఊడదీసిన రెండు ఫ్యాన్లు.
ట్రాన్సిస్టర్ల అడుగున పాత పేస్టు
పెచ్చులు కట్టి ఉంటే గీకి
కొత్తది రాశాను, బియ్యపు గింజంత.
ఇంకొంచెం వెయ్యమన్నాడు.
"ఎక్కువైతే అదీ దుప్పటే," అన్నాను.
బ్యాటరీ నుంచి వచ్చే సన్న తీగ పీకేసి
నా చిటికెన వేలంత లావు తీగ లాగాను.
సగం డబ్బిచ్చాడు.
మిగతా సగానికి ఒక బస్తా ఉప్పు.

ఇది మూడోసారి.
నా ఫ్యాన్లు రెండూ శుభ్రంగా తిరుగుతున్నాయి,
వాటి వెనక ట్రాన్సిస్టర్ మాత్రం
బొగ్గు.
నిజం చెప్పాలంటే, తల కొట్టేసినట్టయింది.
కొత్తది వేసి, మీటరు చంకలో పెట్టుకుని
నేనే లారీ ఎక్కాను.
"నొక్కు," అన్నాను. నొక్కాడు.
వెళ్ళినదాంట్లో మూడోవంతు
వెనక్కొస్తోంది.

యాంటెన్నా మొదట్లో ఉంది జబ్బు.
మొసోరో నుంచి పదకొండేళ్ళుగా
ఉప్పు మోస్తున్న బండి.
బ్రాకెట్ కింద రాగి పచ్చబడి,
ఇనుము అప్పడంలా విరిగింది చేతిలో.
మనం ఉప్పు తింటాం.
ఉప్పు ఇనుము తింటుంది.
"బయటికి దారి దొరకని మాట
ఎటు పోతుందనుకున్నావు?
వెనక్కొచ్చి, పంపినదాన్నే కాలుస్తుంది."
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

గీకాను. ఉప్పుకాగితం పెట్టి రుద్దాను.
ఆ పేరుకి మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం.
కొత్త బోల్టు, మెరిసే ఇనుముకి ఆనించి,
పైన దట్టంగా గ్రీజు.

దిగబోతూ అడిగాను,
మీట ఎంతసేపు నొక్కి ఉంచుతావని.
"చెప్పడం అయ్యేదాకా."
ఏం చెబుతావ్?
"దారి. ఎక్కడ గుంట, ఎక్కడ గాడిదలు,
ఏ వంతెన దగ్గర మలుపు మోసం చేస్తుందో.
వెనకొచ్చేవాళ్ళకి."
ఎంతసేపు?
"ఇరవై నిమిషాలు. ఒక్కోసారి అరగంట."
ఎవరైనా పలుకుతారా?
చాలాసేపు మీటర్ వైపు చూశాడు.
"ఏమో జూలైదె,
నేను మీట వదిల్తే కదా."

అరనిమిషం చెప్పు, ఒక నిమిషం ఆగు అన్నాను.
బూటు కోసమే అన్నాను.

ఆ రాత్రి షట్టరు సగం దించి
నా సెట్ పెట్టుకు కూర్చున్నాను.
పదిన్నరకి అతని గొంతు,
"ఉప్పుబండి. వంతెన దాటాక ఎడమ పక్క
గాడిదలు, మూడు.
వదుల్తున్నా."

చిటపట.
ఎక్కడో దూరాన ఫ్యాను తిరుగుతున్నట్టు ఒక హోరు.
అరనిమిషమైంది.
నా చెయ్యి మైకు దాకా వెళ్ళింది,
పాపం, నేనైనా పలుకుదామని.

ఎవరో పెద్దావిడ, నిద్ర గొంతు,
నేనెన్నడూ విననిది,
"నాలుగు, ఉప్పుబండీ.
వెనక పిల్ల ఉంది, చూసుకో.
ఇన్నేళ్ళకి ఊపిరి తీసుకున్నావు."