యంగ్‌స్టౌన్‌లో కుకీల బల్ల

కేకు వంక ఎవరూ చూడరిక్కడ.
గోడ పొడవునా బల్ల, దాని నిండా కుకీలు.
మేనత్తలు, వదినలు, చర్చి వంటింటి చేతులు
మూడు నెలలుగా కాల్చి దాచినవి.
ఓ మూల నా సున్నుండలు కూడా;
పేరు నోరు తిరగక "ఆ గుండ్రనివి" అంటున్నారు.

పెళ్లికూతురి పిన్ని డొలోరెస్ ఆగస్టులోనే పోయింది.
ఆమె చేసిన వాల్‌నట్ చుట్టలు మాత్రం
ఫ్రీజర్‌లో అక్టోబరు దాకా ఆగాయి,
డబ్బా మూత మీద ఆమె రాత:
"ఐరీన్ పెళ్లికి. ముందే ముట్టుకున్నారో!"

ఐరీన్ ఒకటి కొరికింది.
గౌను మీద రాలిన చక్కెర పొడి
దులుపుకోలేదు.

వెళ్లేటప్పుడు అందరికీ తలో అట్టపెట్టె,
ఆశ కొద్దీ కుక్కుకుంటున్నారు.
డొలోరెస్ మొగుడు మైలో
కుకీలేవీ వద్దన్నాడు;
ఆ మూత మాత్రం
కడగకుండా ఇమ్మన్నాడు.