పార్శిలా అమ్మా?

బ్రాడీపేట నాలుగో లైన్లో మెస్సు.
మధ్యాహ్నం రెండు దాటింది.
గల్లాపెట్టె దగ్గర వీరాంజనేయులు తల ఎత్తకుండానే
"పార్శిలా అమ్మా?" అన్నాడు.

ఆడమనిషి ఒక్కతీ వస్తే
అన్నం వేరేచోటికి పోవాలనే లెక్క.
ఇంట్లో ఎవరో మంచాన పడుంటారు,
లేదంటే హాస్టల్లో పిల్లెవరో.
ఆకలి ఆమెదే అయ్యుంటుందని
ఆ రబ్బరుబ్యాండ్ల డబ్బాకి ఎప్పుడూ తట్టలేదు.

"కాదు. ఇక్కడే తింటా."
"ఎంతమంది?"
"ఒక్కదాన్నే."
"ఫ్యామిలీ సెక్షను పైన."
"ఫ్యామిలీ పిడుగురాళ్లలో ఉందండీ, నేనిక్కడున్నా."
వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.
టోకెను చింపి ఇచ్చాడు.

నలుగురి బల్ల. గోడవైపు కుర్చీ నాది.
మూడు కుర్చీలు ఖాళీ.
గుమ్మం దాకా మగాళ్ల వరస:
చలానాలు కట్టొచ్చినవాళ్లు, మందుల కంపెనీ బ్యాగులవాళ్లు,
మిర్చియార్డు నుంచి తుమ్ముకుంటూ వచ్చిన ఇద్దరు.
పక్క బల్లల మీద మోచేతులు మోచేతులకి తగులుతూ
ముక్కూ మొహం తెలియనివాడి ముందున్న
పప్పుగిన్నె లాక్కుంటున్నారు.
నా దగ్గరికి మాత్రం ఎవరూ రారు.
"లేడీసున్నారు, ఆగండి" అంటాడు సర్వరు.

ఒక్కదాన్నే. బహువచనమైపోయాను.

మర్యాదే, కాదనను.
కానీ మూడు కుర్చీల మర్యాద మోస్తూ
ముద్ద మింగడం కష్టం.
గోంగూర కలిపాను.
ఫోను తియ్యలేదు. తీస్తే
ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంటుంది.

అమ్మ అన్నం తినడం నేను చూడలేదు.
అరచేతిలో చారుచుక్క వేసుకుని
ఉప్పు చూడటం, అంతే చూశాను.
నాలిక చప్పుడు, ఓ తల ఊపు,
చెయ్యి పవిటకి.

"నెయ్యి వెయ్యమంటారా?"
వెయ్యి. ఇంకొంచెం. ఇంకొంచెం.
వాడు గరిటె ఆపి చూశాడు.
నేనూ చూశాను.

పెరుగులో ఉండగా వచ్చిందో అమ్మాయి,
ల్యాబు కోటు మడిచి చంకన పెట్టుకుని.
"పార్శిలా అమ్మా?"
నోరు తెరిచింది, అవునందామనే అనుకుంటా.
హాలంతా ఓసారి చూసింది.
ఊరమిరపకాయ కొరుకుతూ నేను కనబడ్డాను.
"ఇక్కడే" అంది.

నా బల్ల దగ్గరికే వస్తుందనుకున్నా.
రాలేదు.
మగాళ్ల మధ్య అప్పుడే ఖాళీ అయిన కుర్చీ లాక్కుని
"కాస్త జరగండి" అంది.
జరిగారు.

ఎంగిలిచెయ్యి ఎండేదాకా అలా చూస్తూ ఉండిపోయాను.
తర్వాత, వరసలో ముందున్న పెద్దాయనకి
ఎడంచేత్తో ఎదుటి కుర్చీ చూపించాను.
ఆయన వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని.