ఎన్ని వాయిదాల్లో?

మా తల్కవానో రేవులో
బ్రెడ్డు ముక్క కొన్నా సరే
గల్లా దగ్గరి పిల్ల తలెత్తకుండా అడుగుతుంది:
"ఎన్ని వాయిదాల్లో?"

చిలీ అంతటా ఇదే పలకరింపు.
పొద్దున కాల్చిన బ్రెడ్డు
సాయంత్రానికే గట్టిపడుతుంది కదా తల్లీ,
మూడు నెలల పాటు ఎలా నమలను?

నా పేరు ఒర్తెన్సియా.
పందొమ్మిదేళ్ళుగా చేపల ఫ్యాక్టరీలో
సార్డీన్ల తలలు కోస్తున్నాను.
లెక్కలన్నీ నాకు వేళ్ళ మీదే,
అందులో ఒక వేలు సగమే ఉంది.

మొన్న బట్టలుతికే మిషను
కడుపునిండా నీళ్ళు పట్టుకుని,
నా రెండు యూనిఫాంలూ మింగేసి
మొరాయించింది.

దుకాణంలో కొత్తది తెల్లగా నవ్వింది.
రెండు లక్షల యాభై వేల పెసోలు, ఓ పది తక్కువ.
ఆ పది ఎందుకు తగ్గించారో
చేపలతో బతికేదాన్ని, నాకు తెలీదా?
ఎరలో కొక్కెం మొన కనపడనివ్వరు.

మొటిమలింకా మానని కుర్రాడు
"నెలకు పదహారు వేల తొమ్మిదొందల తొంభై,
అంతే సెన్యోరా" అన్నాడు.
ఆ 'అంతే' దగ్గర ఆగిపోయాను.
ఇరవై నాలుగు అంతేలు.
పాత రసీదు వెనక గుణించి చూస్తే
నాలుగు లక్షల ఏడు వేల ఏడొందల అరవై.
ఒక మిషను మా ఇంటికొస్తుంది,
ఇంకో మిషనులో సగానికి పైగా
ఎవరింటికో నడిచి వెళ్తుంది.

నేనేదో తెలివైనదాన్నని కాదు.
ఫుట్‌బాల్ పోటీల ఏడాది మా బాస్తియాన్ కోసం
గోడంత టీవీ తెచ్చాను.
పద్నాలుగో నెలలో అది కాలిపోయింది.
మిగిలిన పది వాయిదాలూ
ఆ నల్లగాజులో మొహం చూసుకుంటూ కట్టాను.
అంత ఖరీదైన అద్దం
ఈ కొండమీద ఇంకెవరికీ లేదు.

దోన్ ఎలెయుతేరియో వచ్చి మిషను బోర్లించి
"బెల్టు తెగింది. పద్దెనిమిది వేలు" అన్నాడు.
బెల్టు దొరికేదాకా తొమ్మిది రోజులు చేత్తో ఉతికాను.
జూలై మాకు నడి చలికాలం.
పొదుపు తియ్యగా ఉంటుందనేవాళ్ళు
ఆ నీళ్ళలో ఓసారి చేతులు పెట్టి చూడాలి.

కట్టకుండా తప్పించుకున్న ఆ వాయిదాని
నెలనెలా నాకే కట్టుకుంటున్నాను,
పాలపొడి డబ్బాలో.
ఒక నెల తప్పితే
నన్ను నేనే తిట్టుకుంటాను గానీ
వడ్డీ మాత్రం వేసుకోను.

నాలుగో నెల ఆ డబ్బా తెరిచాను.
యోలాండా మొగుడి ఆపరేషనుకని
వీధి వీధంతా కలిసి హాట్‌డాగ్‌లు చేసి అమ్మారు.
తినేది ఇద్దరం. పన్నెండు కొన్నాను.
"దుబారా కాదామ్మా?" అన్నాడు బాస్తియాన్.
ఆ రాత్రి పద్దు పుస్తకంలో
ఖర్చు కింద రాసి కొట్టేశాను.
పొదుపు కింద రాసి, అదీ కొట్టేశాను.
చివరికి గడుల బయట
'యోలాండా' అని మాత్రం రాశాను.
రెండు రోజులు మూడు పూటలా అవే తిన్నాం.
ఇప్పటికీ ఆవాల వాసనంటే వాడికి పడదు.

ఇవాళ మళ్ళీ బ్రెడ్డు.
"ఎన్ని వాయిదాల్లో?"
"ఒకేసారి" అన్నాను,
నాణేలు ఒక్కొక్కటే బల్లమీద పేరుస్తూ.
ఆ పిల్ల మొదటిసారి తలెత్తింది.
కొత్త జాకెట్ వేసుకుంది,
ధర చీటీ కట్టిన దారం
చంకలో ఇంకా వేలాడుతోంది.
నేనేం అడగలేదు.

వెనకాల వరుసలో ఎవరో విసుక్కున్నారు,
ఆలస్యమవుతోందట.
అవుతుంది మరి.
ఆగండి బాబూ,
లెక్కపెడుతున్నాను.